నేను పొంగించని పాలు

దయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. చిన్నప్పుడు మా తండాలో కరెంటు పోతే చాలు, అందరూ ఒకచోట చేరి అలాంటివే చెప్పుకునేవాళ్లు. నేను దుప్పటి కప్పుకుని హాయిగా నిద్రపోయేదాన్ని. తర్వాత ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివాను. రక్తం, గళ్ల, మూత్రం పరీక్షించి కాగితం మీద రాసివ్వడమే పదేళ్లుగా నా పని. కంటికి కనిపించనిది ఉందని ఎవరన్నా అంటే, సరే, మైక్రోస్కోపు కింద పెట్టి చూపించమంటాను.

అందుకే ఇది రాయడానికి రెండేళ్లు పట్టింది. చదివి మా దవాఖానలో నవ్వుకుంటారేమోనని ఇప్పటికీ ఒక బెంగ. నవ్వుకుంటే నవ్వుకోనీ.

మాది గార్ల దగ్గర తండా. పెళ్లయ్యాక జనగామలో ఉండేవాళ్లం. మా ఆయనకు అక్కడ మోటార్ల వైండింగ్ షాపుంది. నేను ఒక ప్రైవేటు ల్యాబ్‌లో చేసేదాన్ని. మాకు ఒక్కతే కూతురు, దీపిక. అప్పటికి దానికి ఆరేళ్లు. మూడో ఏటి నుంచే ఆయాసం. చలికాలం వచ్చిందంటే ఛాతీలోంచి పిల్లికూతలు వినిపించేవి. రెండుసార్లు ఆక్సిజన్ పెట్టించాల్సి వచ్చింది. మందులతో పాటు డాక్టరు చెప్పిన మాట ఒక్కటే, దుమ్ముకు దూరంగా ఉంచండి అని.

అలాంటి సమయంలో నాకు ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. ఎక్కడ? భూపాలపల్లిలో, బొగ్గు గనుల ఊళ్లో. ఆర్డరు కాగితం చేతిలో పట్టుకుని నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వదులుకుంటే మళ్లీ వచ్చే ఉద్యోగం కాదు. పిల్లను జనగామలో వాళ్ల నాయన దగ్గర వదిలి వెళ్లలేను. ఆయాసం వచ్చినప్పుడు అది నన్ను తప్ప ఎవరినీ దగ్గరికి రానివ్వదు.

మా యాడి, అంటే మా అమ్మ, ఫోనులో తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. బొగ్గులోకి తీసుకుపోయి పిల్లను చంపుకుంటావా అంది. ఆ మాటకు నాకు కోపం రాలేదు, భయమేసింది. ఎందుకంటే నేను అనుకుంటున్నదీ అదే.

ఊరు మార్చలేను. ఆ ఊళ్లో ఏ మూలన ఉండాలన్నది మాత్రం నా చేతిలో ఉంది. చేరడానికి ఇంకా రెండు వారాలుందనగా ఒక ఆదివారం ఇల్లు వెతకడానికి ఒక్కదాన్నే బయల్దేరాను.

హనుమకొండలో బస్సు మారాను. పరకాల దాటాక ఒక ఉపాయం తట్టింది. ఇల్లు ఎంత బాగుందో ఓనర్లు చెబుతారు, దుమ్ము ఎంత పడుతుందో చెప్పరు. నా బ్యాగులో దూది, స్పిరిట్ ఎప్పుడూ ఉంటాయి. చూసిన ప్రతి ఇంట్లో కిటికీ అంచును తడి దూదితో ఒకసారి తుడిచి, ఆ దూదిని చిన్న కవర్లో వేసి, పైన గుర్తు రాసుకుంటే సరి. చివర్లో అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడ ఉండాలో తెలిసిపోతుంది. ఈ ఆలోచన నాకు ఆ బస్సులోనే వచ్చింది. అంతకుముందు మా ఆయనతో కూడా అనలేదు. ఈ సంగతి మీరు కాస్త గుర్తుపెట్టుకోవాలి.

మొదటి ఇల్లు మెయిన్ రోడ్డు మీద. దవాఖానకు నడిచి వెళ్లొచ్చు, నీళ్లకు కొదవ లేదు. కానీ ఎదురుగా లారీలు ఒకదాని వెనక ఒకటి. దూది కాటుక పెట్టుకునేంత నల్లగా వచ్చింది. రెండో ఇల్లు ఊరి మధ్యలో, కొంచెం నయం. బూడిద రంగు. ఓనరు మర్యాదగానే మాట్లాడాడు. ఆఖర్న "మీరేమోళ్లమ్మా?" అని అడిగాడు. చెప్పాను. అప్పటికప్పుడు ఆయనకు బంధువులెవరో ఆ ఇంట్లోకి వస్తున్నట్టు గుర్తొచ్చింది. ఇలాంటివి నాకు కొత్త కాదు గనుక చెప్పులు వేసుకుని బయటికొచ్చాను.

కాటారం రోడ్డు వైపు, ఊరు దాటాక కొత్తగా ప్లాట్లు చేసిన కాలనీ ఒకటుందని ఆటో అతను చెప్పాడు. వెళ్లాను. పది పన్నెండు ఇళ్లు, మధ్యలో ఖాళీ జాగాలు, ఒక కిరాణా షాపు, వెనక దూరంగా అడవి. మిట్టమధ్యాహ్నం. ఒక ఇంటి పైభాగం ఖాళీగా ఉంది, మెట్లు బయటి నుంచే. కింద అరుగు మీద ఒక పెద్దావిడ చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. ఆమె పేరు సమ్మవ్వ, ఆ ఇంటి ఓనరు అని తర్వాత తెలిసింది.

నన్ను చూడగానే ఆమె "వచ్చినవా బిడ్డా? సామాను ఏది?" అంది.

ఎవరో అనుకుని మాట్లాడుతోందనుకున్నాను. ఇల్లు చూడటానికి వచ్చానవ్వా అని చెప్పాను.

"మళ్ల సూసుడేంది? బుధవారం సూస్తివి. పాలు గూడ పొంగిచ్చి పోతివి. పో, తలుపు తీసే ఉన్నది."

పాలు పొంగించడం అంటే తెలిసిందే కదా. మా తండాలో కిరాయి ఇళ్లు లేవు కాబట్టి ఈ పద్ధతి నాకు జనగామ వచ్చాకే అలవాటైంది. మంచిరోజున ముందుగా వెళ్లి వంటింట్లో పాలు పొంగించి, ఉప్పూ పసుపూ పెట్టి వచ్చేస్తారు. సామాను వారానికి వచ్చినా, పది రోజులకు వచ్చినా ఫర్వాలేదు. పాలు పొంగాయంటే ఇక ఆ ఇల్లు వాళ్లదే. ఓనరు కూడా ఇంకొకరికి చూపించరు.

పొరపాటు పడుతోందని చెప్పబోయి, ఎందుకో ఆగి, మెట్లెక్కాను. వంటగట్టు మీద పాలు పొంగి ఎండిపోయిన మరక ఉంది. గోడకు పసుపు, కుంకుమ. పక్కనే ఒక ఉప్పు డబ్బా. డబ్బా మీద తెల్ల టేపు ముక్క, దాని మీద 'ఉప్పు' అని, కింద తేదీ, తేదీ కింద రెండు గీతలు. శాంపిల్ సీసాల మీద మేం రాసేది ఇలాగే. నేనైతే తేదీ కింద రెండు గీతలు గీస్తాను. ఆ రాత నాదేనని ప్రమాణం చేయను. నాది కాదని కూడా చేయలేను. తేదీ బుధవారానిదే.

ఏం చేయాలో తోచక, వచ్చిన పని చేద్దామని దూది తీసి కిటికీ అంచు తుడిచాను. వెనకాలే మెట్లెక్కి వచ్చిన సమ్మవ్వ గుమ్మంలో నిలబడి నవ్వింది.

"అగో, మళ్ల గదే పని. ఆ రోజు గూడ గిట్లనే దూదితోటి తుడిస్తివి. గిదేం అలవాటు బిడ్డా నీకు?"

ఆ ఉపాయం నాకు తట్టిందే ఆ పొద్దున, బస్సులో. నా చేతిలోని దూది వైపు చూశాను. తెల్లగా ఉంది. అంచున కొంచెం ఎర్రమట్టి, అంతే.

ఆ తర్వాత సమ్మవ్వ మామూలుగా అడిగిన మాట ఇది. "పోరిని తోల్కరాలేదా? ఆ రోజు గీ మెట్ల మీద ఎక్కుడు దిగుడు, ఎక్కుడు దిగుడు, ఒక్క తీరుగ ఉరికింది. పడ్తవే అని నేనే గదమాయించిన."

నేను వంటగట్టుకు ఆనుకుని నిలబడిపోయాను. దీపిక మెట్లు పరిగెత్తి ఎక్కడం నేనెప్పుడూ చూడలేదు. జనగామలో మా ఇంటి మెట్లు ఎనిమిదే. నాలుగో మెట్టు మీద కూర్చుని ఊపిరి తీసుకుని మళ్లీ లేచేది. ఎవరి పిల్లో ఏమో, మెట్ల మీద పరిగెత్తిందంటే నాకు ఏడుపొచ్చింది. చెబితే సిగ్గుచేటు, అసూయ కూడా కలిగింది.

ఇక నాకు తెలిసిన పద్ధతిలో ఆరా తీశాను. బుధవారం నేను జనగామ ల్యాబ్‌లోనే ఉన్నాను. రిజిస్టరులో పొద్దున సంతకం, సాయంత్రం సంతకం, మధ్యలో రిపోర్టులన్నిటి మీదా నా సంతకాలు. దీపిక ఆ రోజు బడిలో ఉంది. నాకు అక్కచెల్లెళ్లు లేరు. సమ్మవ్వకు చూపు ఆనదేమో అనుకుందామంటే, బియ్యంలో ఇసుక రవ్వను కూడా వదలని మనిషి. బుధవారం వచ్చినామె పేరడిగావా అవ్వా అంటే, బిడ్డా అంటే పలుకుతున్నప్పుడు పేరెందుకు అంది. ఫోన్ నంబరు తీసుకోలేదా అంటే నన్ను వింతగా చూసింది. భూపాలపల్లి దవాఖానలో కొత్తగా చేరుతున్న ఆడవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా అని విచారించాను. లేరు.

ఎదురుగా కిరాణా షాపుకు కెమెరా కనిపించింది. ప్రాణం లేచొచ్చినట్టయింది. బుధవారంది చూపించమని బతిమాలితే షాపతను గొంతు తగ్గించి చెప్పాడు. "గది ఉత్తదే అక్కా. దొంగలకు భయముండాలని పెట్టిన. వైరు గూడ లేదు దానికి." ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నాడు. షాపు పేరు రాయలేదు కాబట్టి చెప్పనట్టే.

ఇంటికొచ్చి మా ఆయన ముందు మూడు కవర్లు వరసగా పెట్టాను. నలుపు, బూడిద, తెలుపు. ఇంకేం ఆలోచిస్తున్నావు అన్నాడు ఆయన. మా యాడి మాత్రం ఫోనులోనే కుదరదంది. వేరే మనిషి పాలు పొంగించిన ఇంట్లో పొయ్యి వెలిగిస్తే ఆ మనిషి భాగ్యం లాక్కున్నట్టేనంది. నేను నమ్మని మాటే. అయినా ఒక వారం ఆగాను. పాలు పొంగించినామె వస్తే ఇల్లు ఆమెకే ఇవ్వమని షాపతని ఫోనులో సమ్మవ్వతో గట్టిగా చెప్పాను. రోజూ సాయంత్రం షాపతనికి ఫోన్ చేసి ఎవరైనా వచ్చారా అని అడిగేదాన్ని. ఎవరూ రాలేదు. ఒక్కోరోజు రాకూడదని మొక్కుకున్నాను కూడా. దేవుడికా, ఇంకెవరికా అంటే తెలియదు.

సామాను దించిన రోజు నేను లీటరు పాలు తీసుకెళ్లాను. సమ్మవ్వ గిన్నె నా చేతిలోంచి లాక్కుంది. ఒక మనిషి ఒకే ఇంట్లో రెండుసార్లు పాలు పొంగించడం ఆమె ఎక్కడా వినలేదట, అరిష్టమట. నేను కాదవ్వా అంటే వినదు. చివరికి ఆ పాలతో చాయ్ పెట్టి లారీవాళ్లకు పోసింది. అలా ఆ ఇంట్లో నేను పాలు పొంగించలేదు. బుధవారం వచ్చినావిడ పొంగించిన పాల మీదే మా కాపురం.

అప్పుడే దీపిక లారీ దిగి మా ఆయన చెయ్యి పట్టుకుని వచ్చింది. సమ్మవ్వ దాన్ని దగ్గరికి తీసుకుని, గడ్డం పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది.

"మొఖమైతే గిదే. గని గా పోరి జర పొడుగుండె బిడ్డా. ముందటి పండ్లు గూడ పెద్దయి ఉండె."

దీపికకు ఆ నెలలోనే ముందటి పళ్లు రెండూ ఊడాయి. అది సిగ్గుపడి చేత్తో నోరు మూసుకుంది. నేను అట్టపెట్టెలు సర్దే వంకతో లోపలికి వెళ్లిపోయాను.

ఇది జరిగి రెండేళ్లు. దీపికకు పళ్లొచ్చాయి, పొడుగూ అయింది. ఈ ఇంటికి వచ్చాక ఆక్సిజన్ అవసరం పడలేదు. చలికాలంలో పిల్లికూతలు వస్తాయి, పోతాయి. అది తెల్లటి దూది మహిమే, వేరే మహిమలేవీ లేవని నాకు నేను చెప్పుకుంటాను. మెట్లు మాత్రం ఇంకా సగం దాకా ఎక్కి, కడ్డీ పట్టుకుని ఆగుతుంది. సమ్మవ్వ అరుగు మీద కూర్చుని "ఆ రోజెట్ల ఉరికినవే?" అని ఇప్పటికీ దాన్ని ఆటపట్టిస్తుంది. ఆ మాట వినడానికే నేను ఒక్కోసారి వంటింట్లో పని ఆపి నిలబడతాను.

బుధవారం వచ్చిన ఆవిడ ఎవరో నాకు తెలియదు. ఎన్ని విధాల లెక్కేసినా తేలలేదు, తేలుతుందన్న ఆశ కూడా లేదు. కానీ ఒక్కటి చాలాసార్లు ఆలోచించాను. ఎప్పుడైనా ఆమె కూతురి చెయ్యి పట్టుకుని గేటు దగ్గర నిలబడి, ఇది నేను పాలు పొంగించిన ఇల్లు అంటే ఏం చేస్తాను? లోపలికి పిలుస్తాను. బొట్టు పెడతాను, చాయ్ పోస్తాను. పిల్లకు ఏ మందు వాడావు, ఎన్నేళ్లకు తగ్గింది అని అన్నీ అడిగి రాసుకుంటాను. ఇల్లు మాత్రం ఖాళీ చేయను. ఇల్లు ఆమెదేనని తెలిసినా చేయను.