కూర్చోబెట్టి పంపిన వినాయకులు

అమెరికాలోని ఆష్‌బర్న్‌లో మా పిన్ని వాళ్ళింటి బేస్‌మెంట్‌లో ఉంటాను నేను. కిటికీలోంచి చూస్తే పెరటి గడ్డి సరిగ్గా నా కళ్ళ ఎత్తులో ఉంటుంది. రోడ్డు దాటితే డేటా సెంటర్లు. ఎవరో ఓంకారం మొదలుపెట్టి ఆపడం మర్చిపోయినట్టు ఒకటే రొద. ఇలాంటి చోట బతకాలంటే ఎదురుచూడ్డానికి ఏదో ఒకటి ఉండాలి. మా ఆఫీసులో సగం మంది గ్రీన్ కార్డ్ కోసం ఎదురుచూస్తారు. నేను చందా కట్టి పోస్టులో తెప్పించుకునే డబ్బాల కోసం చూస్తాను. ఇవైతే నెలనెలా వస్తాయి.

పెద్ద కంపెనీల డబ్బాలు కావు. ఒక మొగుడూ పెళ్ళాం తమ వంటింట్లో కాచి పంపే మిరప సాస్ ఒకటి. మేకల్ని పెంచుకునే ఒకావిడ ఆ పాలతో చేసే సబ్బులు ఇంకొకటి. ఎవరో చేత్తో అల్లి పంపే మేజోళ్ళు మరొకటి. అవి ఏ రంగులో వస్తాయో ముందు చెప్పరు. వచ్చాక చూసినా చెప్పడం కష్టమే. సబ్బుల డబ్బాలో మాత్రం ఆ నెల పాలిచ్చిన మేక ఫొటో ఉంటుంది, దాని వెనక పెన్నుతో నా పేరు రాసి, మేక కులాసాగా ఉందన్న కబురు. నాతో ఇన్నాళ్ళుగా పనిచేస్తున్న మేనేజర్‌కి నా పేరు స్పెల్లింగ్ ఇంకా పట్టుబడలేదు. ఆ మేకలావిడ ఒక్కసారి కూడా తప్పు రాయలేదు. ఇంతకన్నా నేను లోకం నుంచి పెద్దగా ఏమీ ఆశించడం లేదు.

మా బాబాయికి ఇదంతా వింతగా ఉండేది. ఇంట్లో సబ్బులుండగా మేకల దాకా వెళ్ళడం దేనికని అడిగేవాడు. పిన్ని అడిగేది కాదు. నేను డబ్బా విప్పుతుంటే ఎదురుగా కూర్చుని, లోపలి సరుకుని వదిలేసి, కాగితం ఎలా మడిచారు, దారం ఎక్కడ ముడేశారు అని చూసేది. ఒకసారి ఆ మేకలావిడ కట్టిన ముడిని విప్పి మళ్ళీ కట్టి చూసింది కూడా.

పిన్ని చేతిలో ఒక విద్య ఉంది. వత్తులు చేస్తుంది. వేళ్ళకి విభూది అద్దుకుని, టీవీ చూస్తూనే, అడ్డవత్తులూ పువ్వొత్తులూ అన్నీ అచ్చు పోసినట్టు ఒకే కొలతలో. దేవుడికి వేసే పత్తి వస్త్రాలు, మధ్యమధ్య కుంకుమ బొట్లతో, ఆవిడ చేసినట్టు ఈ చుట్టుపక్కల ఎవరూ చేయరు. ఏ ఇంట్లో వ్రతమైనా ముందు రోజు ఒక ఆంటీ వచ్చి, కాఫీ తాగి, సంచీ నింపుకుని వెళ్ళేది. వాళ్ళు వెళ్ళాక నేను పిన్నితో అన్నాను, ఇది పుణ్యం కాదు, ఫ్రీ ట్రయల్ అని. నెలకో డబ్బా పెట్టు, ఆ నెలలో వచ్చే పండగలకి కావలసినవన్నీ అందులో వెయ్యి, ఇష్టమైనవాళ్ళు సబ్‌స్క్రైబ్ చేసుకుంటారు అని చెప్పాను. నేనేదో జోక్ చేశాననుకుంది. రెండు రోజులు పోయాక, అలా పంపితే వత్తులు నలిగిపోవా అని అడిగింది. అయిపోయింది, ఒప్పేసుకుందని అప్పుడే తెలిసింది నాకు.

గరాజ్‌లో మొదలైంది వ్యాపారం. పేకాట బల్ల ఒకటి వేశాం, దాని పక్కన ఇంకొకటి వేశాం, ఆ తర్వాత బాబాయి కారు బయటికొచ్చింది. శ్రావణ మాసం డబ్బాలో తొమ్మిది ముళ్ళ తోరాలు, వస్త్రాలు, వత్తులు, పసుపు. మొదట మా వీధిలో ఆంటీలు తీసుకున్నారు. వాళ్ళు తమ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టారు. వేరే రాష్ట్రాల్లోని ఫ్రిస్కో నుంచీ, ఫార్మింగ్టన్ హిల్స్ నుంచీ కూడా అడగడం మొదలుపెట్టారు. ప్రతి డబ్బాలోనూ ఒక చీటీ మీద తెలుగులో ఆ ఇల్లాలి పేరు పిన్ని తన చేత్తో రాసేది. ఆ అలవాటు మేకల దగ్గర్నుంచి వచ్చిందని ఆంటీలెవరికీ మేం చెప్పలేదు.

ఆ మధ్యే ఒక పార్టీలో పిన్ని పక్కన కూర్చున్న నాకు ఒక సంగతి తట్టింది. ఇక్కడ ఎవరైనా కొత్తగా పరిచయమైతే, మీరేం చేస్తారండీ అని అడుగుతారు. పిన్ని ఇన్నేళ్ళూ ఆ ప్రశ్నకి బాబాయి ఉద్యోగం చెప్పేది. నిజంగానే. "మావారు నెట్‌వర్క్స్‌లో చేస్తారండీ" అని చెప్పి ప్లేటు పుచ్చుకుని లేచిపోయేది. ఆ రోజు మాత్రం, "నాకో చిన్న బిజినెస్ ఉందండీ" అంది. అని, ఎవరైనా కాదంటారేమో అన్నట్టు అటూ ఇటూ చూసింది. ఎవరూ కాదనలేదు. పులిహోర మాత్రం ఆ రోజు లేవకుండా కూర్చునే తింది.

తర్వాతది వినాయక చవితి డబ్బా. పిన్ని తనకి తనే పరీక్ష పెట్టుకుంది. ఈ డబ్బా సరిగ్గా చేరితే గరాజ్ తనది, లేకపోతే మళ్ళీ కారుది. బాబాయి ఈ పందెంలో లేడు, ఆయన్నెవరూ అడగలేదు కూడా. కానీ పిన్ని ఒకసారి అనుకుంటే అంతే.

ఐస్‌క్రీమ్ పుల్లలతో అరచేయంత పాలవెల్లులు చేసింది. వినాయకుళ్ళని కూడా తనే చేస్తానంది. కుండలు చేసేవాళ్ళు కొనే బూడిద రంగు మట్టి బస్తాలతో తెచ్చాం. అచ్చు వద్దంది. ఒక్కొక్కర్నీ చేత్తోనే చేసింది. అందుకని ఒక్కొక్కరూ ఒక్కోలా వచ్చారు. ఒకాయన ఆలోచిస్తున్నట్టు, ఒకాయన భోజనం ఆలస్యమైనట్టు. మూడో బల్ల చివర ఆరబెట్టిన ఒకాయనది అచ్చం మా మేనేజర్ పోలిక. ఆ డబ్బా ఎవరికి వెళ్ళిందోగానీ వాళ్ళకి నా సానుభూతి.

గొడవ ప్యాకింగ్ దగ్గర వచ్చింది. నేను ఇన్ని డబ్బాలు విప్పినదాన్ని కాబట్టి నాకు కొంత లోకజ్ఞానం ఉంది. బబుల్ రాప్ చుట్టి, పడుకోబెట్టి, కదలకుండా బిగించాలి అన్నాను. పిన్ని నన్ను వింత జంతువుని చూసినట్టు చూసింది.

"దేవుణ్ణి పడుకోబెడతావా? మొహానికి ప్లాస్టిక్ చుడతావా? ఊపిరాడొద్దూ?"

అది మట్టి బొమ్మ అనబోయి ఊరుకున్నాను. చివరికి పిన్ని పద్ధతిలోనే వెళ్ళారు వాళ్ళు. అందరూ కూర్చునే, తల మూత వైపు పెట్టి, ఎవరైనా తెరవగానే దర్శనం అయ్యేలా. చుట్టూ థర్మోకోల్ పోస్తే మైల కాబట్టి బొరుగులు పోసింది. పైన నేను లావు మార్కర్‌తో బాణం గీసి, ఇటు పైకి అని ఇంగ్లిష్‌లో రాశాను. కొరియర్ వాళ్ళు ఆ బాణాన్ని అలంకారం అనుకున్నట్టున్నారు.

పండగ ఇంకా కొన్ని రోజులుందనగా, ఒక శనివారం పొద్దున, మొదటి ఫొటో వచ్చింది. ఫ్రిస్కో ఆంటీ పంపింది. బొరుగుల మధ్య వినాయకుడు శాంతంగా కూర్చుని ఉన్నాడు, తొండం మాత్రం ఆయన ఒళ్ళో ఉంది. కాఫీ అయ్యేలోపల ఇంకో ఫొటో. తర్వాత ఇంకోటి. ఎక్కువమందికి తొండాలు, కొందరికి చెవులు. ఒకళ్ళకి ఎలుక కనిపించడం లేదు, బొరుగుల్లో వెతుకుతున్నామని మెసేజ్ పెట్టారు.

సరుకు పగిలితే మామూలుగా జనం డబ్బు వెనక్కివ్వమంటారు. మనవాళ్ళు అలా కాదు. ఒకావిడ పంతులుగారికి ఫోన్ చేసింది. ఒకావిడ, పూజ కాకముందే నిమజ్జనం చేసేయాలా అని అడిగింది. గ్రూపులో ఎవరో, ఇది దేనికో సంకేతం అని మూడు చుక్కలు పెట్టి వదిలేశారు. ఆ మూడు చుక్కలే కొంప ముంచాయి.

పిన్ని ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టింది. మిగిలిన మట్టి బస్తా మూతి కట్టింది, వత్తుల డబ్బాలు ఒకదాంట్లో ఒకటి పెట్టడం మొదలుపెట్టింది, పేకాట బల్ల కాళ్ళు మడిచింది. ఏం చేస్తున్నావని అడిగితే, మీ బాబాయి కారు లోపల పెట్టుకోవచ్చని చెప్పు అంది. ఆ గొంతు నాకు తెలుసు. పార్టీల్లో "మావారు నెట్‌వర్క్స్‌లో చేస్తారండీ" అనే గొంతు అది.

చప్పుడికి బాబాయి గరాజ్ తలుపు దగ్గరికొచ్చాడు. నేను విషయం చెప్పాను. ఆయన కాసేపు ఆ మడిచిన బల్లని చూసి, కారు కడిగించాలి, ఇప్పుడు లోపల పెట్టడానికి వీల్లేదని చెప్పి వెళ్ళిపోయాడు. ఆయన కారు కడిగించడం నేను ఇంతవరకు చూడలేదు.

అప్పుడే ఫ్రిస్కో ఆంటీ ఫోన్ చేసింది. పిన్ని తీయనంది. నేను తీసి స్పీకర్‌లో పెట్టాను. వచ్చేవారమే వాళ్ళ కొత్తింటి క్లోజింగ్, అంటే రిజిస్ట్రేషన్, అట. విఘ్నాలు తీసేవాడికే విఘ్నం వస్తే ఆ ఇల్లు మాకు అచ్చిరానట్టే కదా, ఆగిపోమంటావా అని పిన్నిని అడుగుతోంది. ఇల్లు కొనాలో వద్దో తేల్చే పని కూడా ఆ డబ్బాలో ఉందని పిన్నికేం తెలుసు?

నేనే మాట్లాడాను. "ఆంటీ, ఆయనకి తలకి తలే మార్చారు. ఏమైనా అయిందా? తొండం ఎంత?"

ఈ సబ్‌స్క్రైబర్ పోయిందనుకున్నాను. తర్వాత చిన్నగా ఒక శబ్దం. ఆంటీ నవ్వుతోంది. నవ్వాగాక, అవును కదే పిల్లా, మరి దీన్నెలా అతికించాలి, ఫెవికాల్ పెట్టొచ్చా అని అడిగింది.

ఫెవికాల్ మాట వినేసరికి పిన్నికి ప్రాణం లేచొచ్చింది. నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"ఫెవికాల్ ఏంటి వదినా! అది కాల్చని మట్టి. విరిగిన చిన్న ముక్కలు నాలుగు ఒక చుక్క నీళ్ళలో నానబెట్టు. గుజ్జవుతుంది. అదే జిగురు. రెండు పక్కలా సూదితో గీతలు గీసి, రాసి, అదిమి పట్టుకో."

ఆ ఫోన్ వీడియో కాల్ అయింది. దాంట్లోకి మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే చేరారు. మధ్యాహ్నానికి నా లాప్‌టాప్ తెర నిండా వంటిళ్ళే. ఫోన్లు రైస్ కుక్కర్లకి ఆనించుకుని, తడి చేతులతో ఆంటీలు, పక్కన స్టూళ్ళెక్కిన పిల్లలు. పిన్ని బల్ల కాళ్ళు మళ్ళీ విప్పి నిలబెట్టి, దాని ముందు కూర్చుని ఒక్కొక్కళ్ళకీ చెప్పసాగింది. నీళ్ళెక్కువయ్యాయమ్మా మీకు. మీ బాబు తొండం కుడివైపు తిప్పాడు చూడండి, ఎడమకి తిప్పమనండి. ఆ ఎలుకకి తోక అక్కర్లేదు, బాగానే ఉంది. అమెరికాలో పుట్టిన ఒక పిల్ల, మా వినాయకుడికి రెండు తొండాలు పెట్టొచ్చా, బ్యాకప్ లాగా, అని అడిగింది. డేటా సెంటర్ వాళ్ళ పిల్ల అయి ఉంటుంది.

మూడు చుక్కలావిడ కూడా వచ్చింది. విరిగిన విగ్రహానికి పూజ చేయకూడదంటారు కదండీ అని అందరి ముందూ అడిగింది. పిన్ని చేతులు తుడుచుకుంది.

"చవితి రోజు ప్రాణప్రతిష్ఠ చేస్తారు కదమ్మా. అప్పుడు దేవుడు. అంతవరకు మట్టే. మట్టి విరిగితే అతుకుతాం."

ఆవిడ సరేనంది. చుక్కలు లేకుండా అంది.

కాల్ అయ్యాక నేను ఊరుకోలేకపోయాను. "మట్టే అయితే మరి ప్లాస్టిక్ చుడితే ఊపిరాడదన్నావ్?"

"అది శాస్త్రం కాదే," అంది పిన్ని గోళ్ళలో మట్టి తీసుకుంటూ. "మర్యాద."

నేను మాటల్లో ఓడిపోవడం ఆ ఇంట్లో ఒక చిన్న పండగ. బాబాయి ఇంకో గదిలోంచి గట్టిగా నవ్వాడు.

చవితి రోజు ఫొటోలు వచ్చాయి. వంకర తొండాలు, పొట్టి తొండాలు, ఒక రెండు తొండాలాయన. మేక ఫొటోలు చూసుకునే నాకు తెలుసు, అలా ఒక్కో ఫొటో పెద్దది చేసి చూడ్డంలో ఎంత సుఖముందో. పిన్ని రోజంతా అదే పనిలో ఉంది. ఇద్దరు సబ్‌స్క్రిప్షన్ మానేశారు, నిజం చెప్పుకోవాలి. మానేసినవాళ్ళకి మర్యాదగా డబ్బు వెనక్కి పంపింది. తర్వాత నన్నూ బాబాయినీ ఎవర్నీ అడక్కుండా, దసరా డబ్బాలో ఏమేం ఉంటాయో గ్రూపులో పెట్టేసింది.

ఆ సాయంత్రం ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. కొంచెం నిష్ఠూరంగా ఉంది గొంతు. ఆవిడ డబ్బాలో వినాయకుడు చెక్కుచెదరకుండా చేరాడట. అందుకే వాళ్ళని ఆ వీడియో కాల్‌కి ఎవరూ పిలవలేదు. ఇప్పుడు పిల్లలు, అందరూ తొండం చేశారు, మనమే చేయలేదని ఏడుస్తున్నారట. మాదేం తప్పండీ అని అడిగింది.

సరుకు బాగా చేరిందన్న ఫిర్యాదు నేను వినడం అదే మొదటిసారి. నేను నోరు తెరవబోతుంటే పిన్ని చెయ్యి అడ్డం పెట్టింది.

"మీ పిల్లలకి ఒక ముద్ద మట్టి పంపిస్తానమ్మా, వాళ్ళే మొత్తం వినాయకుణ్ణి చేసుకుంటారు. వచ్చే ఏడాది అందరికీ ముద్దే పంపుదామనుకుంటున్నాను," అంది. ఒక్క క్షణం ఆగి, చాలా తీరిగ్గా, "దసరా డబ్బాకి మీ పేరు రాసేసుకోనా మరి? ఉన్నవి కొన్నే," అంది.

ఖాళీ డబ్బాల గుట్ట గరాజ్‌లో నా నడుము దాకా ఉంది. అవతల ఆవిడ కంగారుగా రాసుకోండి రాసుకోండి అంటోంది. పిన్ని ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, నా వైపు చూడకుండానే, పెన్ను ఇమ్మని చెయ్యి చాపింది.