దేవుడి గూట్లో నా పద్యాలు

ముప్ఫై ఏళ్లు రాసిన పద్యాల్లో మంచివి ఏరి, వేలూరులో పుస్తకంగా అచ్చు వేయించాను. మొదటి ప్రతిని గుడియాత్తంలో మగ్గం నేసే మా మామకు ఇచ్చాను. ఆయన పొద్దస్తమానం మాట్లాడేది తెలుగే గానీ, చదివింది తమిళ బడిలో; తెలుగు అక్షరాలు చదవలేడు. అందుకని నేనే చదివి వినిపిద్దామని ఆ మరుసటి నెల రైలెక్కి వెళ్లాను.

పుస్తకం దేవుడి గూట్లో ఉంది. అట్ట మీద నా పేరు కనపడకుండా పసుపూ కుంకుమా మెత్తారు. నాకు ఒళ్లు మండింది.

"అది పూజకు కాదు మామా, వినేదానికి. ఇట్లియ్యి, చదువుతా" అని చెయ్యి చాచాను.

మామ నా చెయ్యి పట్టుకున్నాడు.

"నీళ్లు పోసుకున్న్యావా?"

"ఇప్పుడే కదా రైలు దిగినా. అయినా అది రాసింది నేనే."

"ఎవురు రాస్తే ఏమప్పా, మైలతో ముట్టుకోగూడదు. లోపల సరస్వతి ఉండాది."