శుక్రవారం చొక్కా

మా వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర, గంజి పెట్టిన చొక్కా మీద వేడి పెట్టె ఆనినప్పుడల్లా ఒక వాసన లేస్తుంది. మాడుతున్న అన్నం వాసనకు కాస్త ఇవతల, తడి నూలు వాసనకు కాస్త అవతల. అది ముక్కుకు తగిలితే నాకు హైదరాబాద్ కనిపించదు. డెబ్బైల చివర్లో దుబాయ్ శివారు ఇసుకలో వేసిన మా రేకుల క్యాంపూ, గురువారం సాయంత్రం లుంగీ ఎగగట్టి గంజి గిన్నె ముందు కూర్చునే మస్తాన్ భాయీ కనిపిస్తారు.

పత్రికలో చేరకముందు నేను అక్కడ బిల్డింగు పనిలో హాజరు రాసే గుమాస్తాను. మస్తాన్ భాయ్ నెల్లూరు నుంచి వచ్చిన సెంట్రింగు మేస్త్రీ. మెస్‌లో వార్చిన గంజిని పారబోయనిచ్చేవాడు కాదు. తన తెల్లచొక్కాను అందులో ముంచి, పిండి, క్యాంపు కంచె మీద ఆరేసేవాడు. ఆయన కింది మంచం రాజయ్యది. జగిత్యాల దగ్గర పల్లె. శుక్రవారం సెలవంటే అతనికి నిద్రే.

"పెండ్లికి పోతున్నవా మస్తాన్ భాయ్, గింత తయారు?" అనేవాడు దుప్పటిలోంచి.

"పెళ్లికే రా. ఊరు నాకోసం కాచుకోనుండాది." అని నావైపు తిరిగేవాడు. "నువ్వు లెయ్ అబ్బయా. వారమంతా ఈ ఊరికి గోడలు లేపతుండాం. లోపలెట్టుండాదో చూసుకోవద్దా?"

ఆ ఊరిని నేను ఆయన పక్కన నడిచి నేర్చుకున్నాను. ఇరానీవాళ్ల పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టె, మలయాళీ టీకొట్టు, సింధీల బట్టల దుకాణాలు, క్రీక్ అనే సముద్రపు పాయను దాటించే అబ్రా పడవలు. ఒకసారి పడవలో మాకు ఒకవైపు బలూచీ హమాలీ, మరోవైపు సూటు వేసుకున్న దొర. దొర మమ్మల్ని చూసి కాస్త జరిగాడు. నేను ముడుచుకోబోతే మస్తాన్ భాయ్ నా మోకాలి మీద చెయ్యేసి ఆపాడు.

"సక్కగా కూర్చో. ఆయనా మనలాగా వచ్చినోడే. ముడుచుకుంటే చొక్కా నలుగుద్ది."

ఒక ఎండాకాలం కొత్త క్యాంప్ బాస్ వచ్చాడు. మేమే కట్టిన భవనం ముందు బెంచీల మీద మావాళ్లు కూర్చుంటున్నారని ఎవరో ఫిర్యాదు చేశారట. శుక్రవారం మమ్మల్ని ఊళ్లో దింపే లారీని ఆపేశాడు. గురువారం భోజనాల దగ్గర నిలబడి, పనికొచ్చారా తిరగడానికొచ్చారా అని హిందీలో గద్దించాడు.

"దోనోం, సాబ్," అన్నాడు మస్తాన్ భాయ్, చేతిలో పళ్లెం చేతిలోనే ఉంచుకుని. "ఛే దిన్ ఆప్ కా. జుమ్మా మేరా." రెండింటికీ వచ్చానని, ఆరు రోజులు మీవి, శుక్రవారం నాదని.

"గేటు దాటితే ఖలాస్. ఇంటికి పంపించేస్తా."

అది ఉత్త బెదిరింపు కాదని అందరికీ తెలుసు. పాస్‌పోర్టులు కంపెనీ బీరువాలో ఉన్నాయి. నెల్లూరులో ఒక ఇల్లు మొత్తం ఆయన సంపాదన మీద నడుస్తోంది. అయినా ఆ సాయంత్రం ఆయన మామూలుగానే గంజి గిన్నె ముందు కూర్చున్నాడు. కాసేపటికి రాజయ్య వచ్చాడు. చంకలో నలిగిన చొక్కా.

"గంజి ఇంకింత ఉన్నదా, భాయ్?"

"నీకెందుకురా? నిద్రపోయేవోడివి గదా!"

"నిద్ర పడ్తలేదు."

తెల్లవారేసరికి కంచె పొడవునా చొక్కాలు అట్టల్లా బిగుసుకుని ఉన్నాయి. ఒక్క ఇస్త్రీ పెట్టె గది నుంచి గదికి తిరిగింది. క్యాంప్ బాస్ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. మేం ఒకరి వెనక ఒకరం అతని ముందు నుంచే నడిచి వెళ్లాం. అతను వరసంతా చూశాడు. అంతమందిని పంపిస్తే సోమవారానికి స్లాబ్ వేసేదెవరని లెక్క చూసుకున్నాడో ఏమో, ఎవరినీ ఆపలేదు. రోడ్డు మీద నీళ్ల ట్యాంకరు నడిపే పఠాన్ ఒకడు బ్రేకు వేసి, "యల్లా!" అంటూ ఎక్కమన్నాడు.

లారీ మళ్లీ రాలేదు. మేం వెళ్లడమూ మానలేదు. ఒప్పందం ముగిశాక మస్తాన్ భాయ్‌కి మాత్రం వీసా పొడిగించలేదు. వెళ్లే రోజు కూడా ఆ చొక్కానే తొడుక్కున్నాడు. నా మొహం చూసి నవ్వాడు. "పంపిస్తే పంపించనీ. చూసిన ఊరిని కళ్లల్లోంచి పీకలేరు గదా!"

తర్వాత పత్రిక పని మీద చాలా నగరాలు తిరిగాను. ఇప్పటికీ ఏదో ఒక పెద్ద హోటల్లో కాపలావాడి చూపు నా పాత చెప్పుల మీద ఆగుతుంది. ఏం పని మీద వచ్చారని అడుగుతాడు.

"పనేం లేదు. కూర్చుందామని," అంటాను.

కూర్చుంటాను. చొక్కా నలగకుండా.