అత్త వెతికిపెట్టిన నిశ్శబ్దం

మొన్న ఆదివారం మధ్యాహ్నం భిలాయి నుంచి బావ ఫోన్ చేశాడు. "అమ్మ పోయిందే. నిద్దట్లోనే" అన్నాడు. పోయినామె మా నాన్నకు చెల్లెలు, నాకు మేనత్త. ఆమెను ఎరగని మీకు ఆమె గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

అత్తతో మాట్లాడాలంటే కుడివైపు కూర్చోవాలి. ఎవరొచ్చినా చెయ్యి పట్టుకుని అటువైపే కూర్చోబెట్టేది. ఎడమచెవి వినపడదని మాకందరికీ తెలుసు. ఎందుకో మాత్రం తెలియదు. పెళ్లికి ముందు విజయనగరం కాలేజీలో ఎన్‌సీసీ రైఫిల్ కాల్చేదని కూడా తెలుసు. ఈ రెండూ ఒకటే కథ అని నాకు తట్టనేలేదు.

ఎనభైల మొదట్లో మేమూ భిలాయిలోనే ఉండేవాళ్లం. నేనూ కాలేజీ రైఫిల్ జట్టులో చేరాను. ఊరి చివర మట్టికట్ట ముందు మా కాల్పుల రేంజి. తెల్లవారుతూనే వెళితే ఉక్కు ప్లాంటు వైపు ఆకాశం ఇంకా నారింజరంగులో నిద్రపోతూ ఉండేది. మంచు పట్టిన గడ్డి మీద చాప పరుచుకుని బోర్లా పడుకుంటే భూమి మెల్లగా ఊపిరి తీస్తున్నట్టు అనిపించేది. చెవుల్లో అందరం దూది కుక్కుకునేవాళ్లం.

ఒక సాయంత్రం అత్త వాళ్ల క్వార్టరుకి వెళ్లాను. కాఫీ ఇస్తూ అత్త ఏదో అడిగింది. నాకు అందలేదు. మళ్లీ అడిగింది. నేను "ఆఁ?" అన్నాను.

"ఏటే, చెవులు గుయ్యిమంటున్నాయా?"

"కాసేపట్లో తగ్గిపోద్దిలే అత్తా. అందరికీ అంతే."

అత్త నా ఎదురుగా కూర్చుంది. "నాకూ అలాగే తగ్గిపోయేది. ఓరోజు తగ్గలేదు. కుడిచేత్తో కాల్చినోళ్లకి గొట్టం వైపు ఎడమచెవే ఉంటాదే. ముందు అదే పోద్ది."

ఆ తర్వాత నెమ్మదిగా, పెరట్లోకి చూస్తూ చెప్పింది. "మీ బావ నెలల పిల్లాడు. ఓ మద్దినేళ మంచి చెవిని తలగడకేసి పడుకున్నాను. ఆడు ఏడిసేడు, ఏడిసేడు. పక్కింటి పంజాబీ దీదీ తలుపు బాదితే ఆ అదురుకి లేచేను. అప్పటికి ఆడి గొంతు బొంగురుపోయింది. ఒళ్లు కాలిపోతోంది. నా పక్కలోనే ఉన్నాడే పిల్లా!"

ఇంట్లో ఈ మాట తెలిశాక నాన్న రైఫిల్ మానెయ్యమన్నారు. రాష్ట్ర జట్టు ఎంపిక దగ్గరపడుతోంది. నేను ఏడుపు మొహం పెట్టుకున్నాను. అత్తే నాన్నతో, "మానిపించకు అన్నయ్యా. దాని చెవుల సంగతి నేను చూస్తాను" అంది.

మావయ్య ప్లాంటు రోలింగ్ మిల్లులో ఇంజనీరు. అక్కడ చప్పుడుకి చెవులు కప్పుకునే ఇయర్ మఫ్స్ ఒక జత తెచ్చిచ్చాడు. పెద్ద డిప్పల్లా ఉండేవి. చప్పుడు బాగానే ఆపేవి గానీ, రైఫిల్ మడమకు చెంప ఆనించగానే కుడి డిప్ప దానికి తగిలి పక్కకు జరిగేది. నా కళ్లజోడు కాడల దగ్గర సందు పడేది. చెమటకి చెవులు ఉడికిపోయేవి. నా గురి చెదిరిపోయింది. మాకు నేర్పే రిటైర్డ్ సుబేదారుని ఉస్తాద్‌జీ అనేవాళ్లం. ఆయన "ఆదత్ హో జాయేగీ బేటీ" అన్నాడు, అలవాటైపోతుందని.

అత్త ఒప్పుకోలేదు. "సుఖంగా లేనిది ఎంత మంచిదైనా చెవి మీద ఉండదే, సంచిలో ఉంటాది" అంది.

మర్నాడు నన్ను పవర్ హౌస్ బజారుకి తీసుకెళ్లింది. ఫ్యాక్టరీ హెల్మెట్లూ, తోలు గ్లవ్సులూ అమ్మే దుకాణం. అత్త బల్ల ఖాళీ చేయించి నన్ను దాని మీద బోర్లా పడుకోమంది. రైఫిల్ బదులు చేతికి తన గొడుగు ఇచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. దుకాణదారు కళ్లు పెద్దవి చేసి, "దీదీ, లడ్కీ బందూక్ చలాతీ హై క్యా?" అన్నాడు, ఈ పిల్ల తుపాకీ కాలుస్తుందా అని.

"హాఁ భయ్యా. ఔర్ అచ్ఛా చలాతీ హై" అంది అత్త, బాగా కాలుస్తుందని గర్వం దాచుకోకుండా.

మఫ్స్ ఏవి పెట్టినా గొడుగు పిడికి తగిలాయి. చివరికి మెత్తటి రబ్బరు ఇయర్ ప్లగ్స్ తీయించింది. కుడిచెవిలో ఒకటి హాయిగా కూర్చుంది. అదే సైజు ఎడమచెవిలో నొక్కింది. దుకాణదారు "థోడా టైట్ హీ అచ్ఛా" అని, కాస్త బిగుతుగా ఉంటేనే మంచిదంటున్నా వినకుండా, అత్త నా రెండు చెవుల్లోకీ తొంగిచూసి నవ్వింది. "రెండూ ఒకలా లేవే నీకు! దీనికి చిన్నది కావాలి." అలా రెండు జతలు విప్పించి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది పట్టుకొచ్చింది. తల మీదుగా చెయ్యి తెచ్చి చెవిని పైకి లాగి, ప్లగ్‌ని మెల్లగా తిప్పుతూ లోపలికి పెట్టడం నేర్పింది. ఇంటికొచ్చాక వంట చేసినంతసేపూ నన్ను వసారాలో గొడుగుతో పడుకోబెట్టి, మధ్యమధ్య వచ్చి "ఎక్కడైనా నొక్కుతోందా?" అని సైగ చేసేది. నొక్కలేదు. కాసేపటికి అవి ఉన్న సంగతే మరిచిపోయాను.

ప్లగ్స్ పెట్టుకుంటే రేంజిలో కేకలు సరిగ్గా వినపడవని ఉస్తాద్‌జీకి చెప్పి, ఆపమన్నప్పుడు ఎర్రజెండా కూడా ఊపేలా ఒప్పించింది.

ఎంపిక రోజు అత్త నాతో వచ్చింది. ప్లగ్స్ పెట్టుకోగానే లోకం నీళ్లలో మునిగినట్టయింది. నా ఊపిరి నాకు వినిపించింది, గుండె ఎక్కడో లోతులో నడుస్తున్నట్టు. తూటాలు దూరపు ఇంట్లో తలుపులు మూసుకుంటున్నట్టు పలికాయి. నేను ఉలిక్కిపడలేదు. జట్టులోకి తీసుకున్నారు. ఆ తర్వాత ఏళ్లతరబడి కాల్చాను. ఈరోజుకీ వాన మొదటి చినుకు ఆకు మీద పడితే నాకు రెండు చెవులా వినిపిస్తుంది. అది ఆమె పెట్టిన భిక్ష.

ఆరోజు ఎర్రజెండా లేచి, రైఫిళ్లన్నీ కింద పెట్టాక, అత్త ఉస్తాద్‌జీతో కలిసి మట్టికట్ట దాకా నడిచి నా టార్గెట్ కాగితం తీసింది. చెవుల్లో ప్లగ్స్ తీయకుండానే నేనూ వెనకే వెళ్లాను. దాన్ని ఎండకి ఎత్తిపట్టి చూసింది. తూటాలన్నీ ఒకచోట తగిలి మధ్యలో చిరిగిన కంతలోంచి వెలుగు దిగి ఆమె చెంప మీద చిన్న చుక్కలా ఆగింది. ఆమెకది తెలియదు. ఉస్తాద్‌జీ ఏదో అన్నాడు కాబోలు, నవ్వింది. ఆ చుక్క కదిలి కాసేపు ఆమె కనురెప్ప మీద వణికింది.