నేను స్థలం కొలవలేదు

నిన్న పొద్దున్న కోటవురట్ల రోడ్డులో ఒక కొత్త స్థలానికి వెళ్ళాను. తాపీమేస్త్రి పునాదికి ముగ్గు పోస్తున్నాడు. రాత్రి కురిసిన వానకు నేల ఇంకా తడిగానే ఉంది. ఆ తడి మీద సున్నపు పొడి పడగానే వచ్చే ఘాటు వాసన ముక్కుకు తగిలి, ఉన్నట్టుండి సన్యాసిరావు గారు పక్కనే నిలబడి ఉన్నారేమో అనిపించింది. ఆయన పోయి ఏడాది దాటింది. నర్సీపట్నంలో ఇళ్ళ ప్లాన్లు గీసి, మున్సిపాలిటీ అనుమతికి పెట్టే లైసెన్సు ఉన్నవాళ్ళలో అందరికంటే పెద్దాయన. ఆయనకున్న పేరల్లా ‘చాదస్తం మేస్టారు’ అని. ఆ పేరు ఆయన చెవిన పడకుండా అనేవాళ్ళలో కొన్నాళ్ళు నేనూ ఒకదాన్ని.

సివిల్ డిప్లొమా పూర్తి చేసి ఆయన దగ్గర చేరినప్పుడు కంప్యూటర్ మీద ప్లాన్లు గీస్తాననుకున్నాను. మొదటి రోజే నా చేతికి సున్నం బకెట్టు ఇచ్చారు. ఆయన పద్ధతి అది. కాగితం మీద గీత పెట్టకముందే స్థలానికి వెళ్ళి, నేల మీద ఇంటిని ముగ్గుతో గీసేవారు. తరువాత ఇంటిల్లిపాదినీ ఆ గీతల మధ్య తిరగమనేవారు. ఇల్లాలిని వంటగది గీతల్లో నిలబెట్టి, గరిటె తిప్పినట్టు చెయ్యి తిప్పమనేవారు. ఆవిడ సిగ్గుపడుతూనే తిప్పి, మోచెయ్యి గోడకు తగిలేలా ఉందని తానే చెప్పేది. ఆఖరున పక్కింటివాళ్ళను కూడా పిలిచి, ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ ఎంతో చూపించేవారు. ఈ తతంగం ముగిసేలోగా వీధి చివర ఇంకో ఆఫీసువాళ్ళు మూడు ప్లాన్లు గీసి పారేసేవారు. నాకు కడుపు మండిపోయేది. దస్తావేజులో కొలతలుండగా మళ్ళీ ఈ ముగ్గులెందుకని ఒకసారి అడిగేశాను. దస్తావేజు రాసినాయన ఆ స్థలం చూశాడో లేదో మనకేం తెలుసని ఊరుకున్నారాయన.

నాలుగేళ్ళకు నా పేరు మీద లైసెన్సు వచ్చింది. నా సంతకంతో వెళ్ళిన మొదటి ప్లాను వరహాలమ్మది. గొలుగొండ వైపు నుంచి వచ్చి, జీడిపప్పు ఒలిచే పనిలో చేతులు నల్లబడిపోయిన మనిషి. చిన్న స్థలం కొనుక్కుంది. వీధి వైపు ఒక గది కావాలి, అందులో కుట్టుమిషను పెట్టుకుని ఇక జీడిపిక్కల జోలికి పోనని చెప్పింది. దస్తావేజులో వెడల్పు ముప్పై అడుగులని శుభ్రంగా రాసి ఉంది. నేను స్థలానికి వెళ్ళలేదు. ఎండ అని కాదు, తీరిక లేకా కాదు. మేస్టారి ముగ్గులు పాతకాలపు పనులని, నాకు వాటి అవసరం లేదని నా పొగరు. దస్తావేజులోని కొలతలతోనే ప్లాను గీశాను. అనుమతి వచ్చింది. మేస్టారికి స్వీట్లు తీసుకెళ్ళి ఇచ్చాను కూడా.

పునాది గోతులు తవ్వుతున్నారని తెలిసి, నా మొదటి ఇల్లు చూపిస్తానని ఆయన్ని నేనే వెంటబెట్టుకు వెళ్ళాను. ఆయన గోతుల చుట్టూ ఒకసారి నడిచి, పడమటి వైపు ఎంత ఖాళీ వదిలావని అడిగారు. మూడడుగులని చెప్పాను. ఆయన పడమటి గోతికీ పక్కింటి గోడకీ మధ్య తన చెప్పు పెట్టారు. చెప్పు అడ్డంగా పట్టలేదు. టేపు వేసి చూస్తే నేల మీద ఉన్నది ఇరవై ఏడు అడుగులే. ఎప్పుడో పాత యజమాని తూర్పు వైపు సందు కోసం మూడడుగులు వదిలేశాడట. దస్తావేజు మాత్రం మారలేదు. మేస్త్రికి ముగ్గు పోసినప్పుడే ఆ సంగతి తెలిసింది. గదులు తగ్గించమంటే ఇంటావిడ బాధపడుతుందని, ఆ తరుగును ఖాళీ స్థలంలో సర్దేశాడు. ఈ వీధిలో టేపు పట్టుకుని ఎవరూ రారని నాకు ధైర్యం కూడా చెప్పాడు. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు ఎంతో తీయగా వినిపించింది.

మేస్టారు నన్ను తిట్టలేదు. పక్కింటికి తీసుకెళ్ళి మంచినీళ్ళు అడిగారు. లోపలి గదిలో కిటికీ పక్కన మంచం మీద ఒక ముసలాయన ఆయాసంతో కూర్చుని ఉన్నాడు. ఆ గదికి ఉన్నది ఆ ఒక్క కిటికీయే. దాని అవతల వరహాలమ్మ గోడ లేవబోతోంది. మేమెందుకు వచ్చామో తెలియని ఆ ముసలాయన నన్ను మంచం మీదే కూర్చోమని, ఇక్కడైతే గాలి తగులుతుందని జరిగి చోటిచ్చాడు. బయటికి వచ్చాక మేస్టారు నెమ్మదిగా అన్నారు.

“ఆయన గాలి నువ్వు సంతకం పెట్టి ఇచ్చీసినావమ్మా. ఇప్పుడేటి సేత్తావో నువ్వే సూసుకో.”

ఆ సాయంత్రం వరహాలమ్మ ఇంటికి వెళ్ళాను. మేస్టారు గుమ్మం బయటే ఆగిపోయారు. ప్లాను తప్పని, ఇలాగే కడితే రేపు ఎవరు ఫిర్యాదు చేసినా గోడ కొట్టేయమని నోటీసు వస్తుందని, సరిచేస్తే మూడడుగులు తగ్గి మిషను గది ఉండదని చెప్పాను. ఆవిడ నల్లబడ్డ తన వేళ్ళ వంకే చూసుకుంటూ కూర్చుంది. ఒక్క మాట అడిగింది.

“మరి మీరు కొలవలేదేటమ్మా?”

తిట్టినా బాగుండేది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ముందు ఏడవడానికి కూడా నాకు హక్కు లేదనిపించి, లేచి వచ్చేశాను.

ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోమని మర్నాడు మున్సిపల్ ఆఫీసుకు ఉత్తరం రాశాను. ‘దస్తావేజులోని పొరపాటు వలన’ అని మొదలుపెట్టాను. మేస్టారు చదివి, ఎర్ర పెన్నుతో ఆ మాటలు కొట్టేశారు. దస్తావేజు సంతకం పెట్టిందా అని అడిగారు. తప్పు నాదని రాస్తే లైసెన్సు పోతుందని బతిమాలాను. పోతే తన దగ్గర కుర్చీ ఖాళీగానే ఉందన్నారు. ‘నేను స్థలం కొలవలేదు’ అని రాసి సంతకం పెట్టాను. జీవితంలో అంత చిన్న వాక్యం రాయడానికి అంత సమయం ఎప్పుడూ పట్టలేదు. ఆరు నెలలు లైసెన్సు ఆపేశారు. ఊళ్ళో ఆ ఉత్తరం సంగతి పాకిపోయి, నా పని అయిపోయిందన్నారు. ఆ ఆరు నెలలూ మళ్ళీ ఆయన పక్కన సున్నం బకెట్టు మోశాను.

వరహాలమ్మ ఇల్లు మాత్రం ఆయన వదల్లేదు. మూడు రోజులు ఆవిణ్ణి బల్ల పక్కనే కూర్చోబెట్టుకుని, మెట్లు అటు జరిపి, అల్మరా ఇటు తిప్పి, అడుగడుగుకీ ఆవిడనే అడుగుతూ కొత్త ప్లాను గీశారు. వేరే గది రాలేదు గానీ, వీధి కిటికీ కింద మిషను పట్టేంత చోటు దొరికింది. గోతులు మళ్ళీ తవ్వించింది నేను. ఇల్లు పూర్తయ్యాక వరహాలమ్మ గృహప్రవేశానికి మేస్టారిని పిలిచింది, నన్ను పిలవలేదు. ఆవిడది తప్పని నేనెప్పుడూ అనుకోలేదు. కానీ ఆ వీధిలోకి వెళ్ళాల్సి వస్తే మాత్రం చుట్టూ తిరిగి వెళ్ళేదాన్ని.

ఇప్పుడు అంతా ఆన్‌లైన్. స్థలాన్ని స్వయంగా చూశానని ఒక చోట టిక్కు పెడితే చాలు, దరఖాస్తు ముందుకు కదులుతుంది. నేను ఆ టిక్కు పెట్టేలోగా ఒక పూట గడిచిపోతుంది. నా దగ్గర పనిచేసే అమ్మాయి వెనకాల నన్నేమంటుందో నాకు తెలుసు.

పోయిన నెల ఆఫీసు తలుపు తెరుచుకుని వరహాలమ్మ వచ్చింది. కూతురి కోసం మేడ మీద వాటా వేసుకోవాలట, ప్లాను గీయమంది. ఊళ్ళో ఇంతమంది ఉండగా నా దగ్గరకే ఎందుకు వచ్చావని అడగకుండా ఉండలేకపోయాను. ఆవిడ దస్తావేజు బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

“తప్పు నాదేనని రాసిచ్చీసినారు కదమ్మా మీరు. అలగ రాసిచ్చినోలు ఈ ఊళ్ళో ఇంకెవులున్నారు?”

ఆ మాట మేస్టారు వినాల్సింది. విని, బేగి బయలుదేరు, ఎండెక్కకముందే కొలిచేసి వద్దామని లేచేవారు. నేనూ లేచాను.