పులికి గోళ్ళు పెరిగాయా?

మొన్న మేముండే జనక్‌పురిలో పక్కింటి పసివాడి మెడలో పులిగోరు కనిపించింది. "ప్లాస్టిక్‌దే అంకుల్, ఫ్యాషన్!" అని నవ్వింది వాళ్ళమ్మ. ప్లాస్టిక్‌దే అయినా, పులిని చంపితే వచ్చే వస్తువుతో ఫ్యాషనేమిటని ఒళ్ళు మండింది.

చిన్నప్పుడు నా మెడలో అసలుదే ఉండేది, తాతయ్య వేటాడిన పులిది. అమ్మ నా గోళ్ళు తీసినట్టే పులికీ ఎవరో తీస్తారనుకునేవాణ్ణి. ఒకరోజు, "దానికి మళ్ళీ గోళ్ళు పెరిగాయా తాతయ్యా?" అని అడిగాను. అరుగు మీదున్న ఆయన స్నేహితులు ఘొల్లున నవ్వారు.

"పెరక్కేం! ఈసారి మీ తాత దానికి పళ్ళు కూడా తోమొస్తాడు!" అన్నాడొకాయన.

తాతయ్య నవ్వలేదు. "పెరిగే ఉంటాయి నాన్నా" అని నా తల నిమిరాడు.

ఆ తర్వాత ఎవరు వేటకు పిలిచినా నడుంనొప్పి అనేవాడు. నన్ను వీపునెక్కించుకుని వీధంతా తిప్పడానికి మాత్రం ఆ నొప్పి అడ్డొచ్చేది కాదు.