చప్పుడు లేని కారు, పోలమ్మ చెవులు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు. వెంకటాచలం ఊరి దగ్గర హైవే పక్కనున్న మా కంపెనీ షెడ్డులో ఒక ఖరీదైన ఎలక్ట్రిక్ కారు తయారవుతోంది. ఇంకా అమ్మకానికి రాలేదు, నమూనా మాత్రమే. దాన్ని ప్రోటోటైప్ అంటారు. ముందు చక్రాలకొక మోటారు, వెనక చక్రాలకొక మోటారు. కాలితో నొక్కితే వీపు సీటుకు అతుక్కుపోయేది. అంత వేగంలోనూ లోపల పూజగదిలో ఉన్నంత నిశ్శబ్దం ఉండాలని మా డిజైన్ హెడ్ గారి పట్టు.

ఆ నిశ్శబ్దమే నా ఉద్యోగం. నేను పనిచేసేది ఎన్‌వీహెచ్ విభాగంలో, అంటే బండిలోని చప్పుడు, అదురు, కుదుపు చూసే చోట. పెట్రోలు కారులో ఇంజను మోత చాటున ఎన్నో చిన్న చప్పుళ్లు దాక్కుంటాయి. ఇంజనే లేకపోయేసరికి అన్నీ బయటపడతాయి. తలుపు కిర్రుమనడం, డ్యాష్‌బోర్డు వెనక వైరు కొట్టుకోవడం. వెనక సీట్లో కళ్లు మూసుకుని కూర్చుని, ఏది ఎక్కడిదో చెప్పాలి. నేను బడికి పోలేదు. అక్షరాలూ, హార్మోనియం శ్రుతీ నాన్నే ఇంట్లో నేర్పారు. ఆ చెవి చూసే కంపెనీ ఉద్యోగమిచ్చింది. ఆ చెవితోనే అన్నం పెట్టిన దేవుడికి దణ్ణం పెట్టుకునే రోజూ కారు ఎక్కేదాన్ని. అద్దాలు రెండు పొరలు చేశారు. టైర్ల లోపల స్పాంజి అతికించారు. ఒక్కో చప్పుడూ పోతుంటే మా అందరికీ పండగే.

ఒకటి మిగిలింది. మెల్లగా పోయే ఎలక్ట్రిక్ కారు బయటి మనుషులకు వినపడదు. అందుకని ముందు బంపరు కింద చిన్న స్పీకరు పెట్టి, గుయ్యిమనే హెచ్చరిక శబ్దం వదులుతారు. దాన్ని ఏవీఏఎస్ అంటారు. హెడ్ గారికి అది గిట్టలేదు. ఇంత చేసి చివరికి కందిరీగను తగిలించుకోవాలా అనేవారు.

"సార్, మా సముద్రపు పక్క ఊళ్లల్లో ఆడవాళ్లు రోడ్డు మీదే చేపలు ఎండేస్తారు. బండ్లకు వీపు పెట్టి పని చేసుకుంటారు. చప్పుడు విని జరుగుతారే గానీ తిరిగి చూడరు," అన్నాను మీటింగులో.

"ఈ కారు చేపల మీద తిరిగేది కాదులేమ్మా," అని నవ్వారు. "దాని సంగతి చివర్లో చూద్దాం."

కానీ ఉప్పుగాలికి తలుపుల రబ్బరు ఎలా ఉంటుందో చూడమని, స్పీకరు లేని ఆ కారునే బోగోలు వైపు సముద్రపు రోడ్డుకు పంపింది ఆయనే. డ్రైవరు చెంగయ్య, వెనక సీట్లో నేను. పాత వలలు పరిచి రోడ్డులో సగం దాకా చేపలు ఎండేసి ఉన్నాయి. చెంగయ్య బాగా నెమ్మది చేశాడు. ఒక పెద్దావిడ మాకు వీపు పెట్టి చేపలు తిరగేస్తోంది. నేను తలుపు చప్పుడు వినాలని కళ్లు మూసుకున్నాను. ఆవిడ గంప అందుకోవడానికి ఒక అడుగు వెనక్కి వేసిందట. నాకు వినపడింది బంపరు తగిలిన చప్పుడే.

దిగి ఆవిడ తల ఒళ్లో పెట్టుకున్నాను. "హారను కొట్టకపోతివే, చెంగయ్యా!"

"వినపడి జరుగుతాది అనుకున్నానక్కా! అందరూ జరుగుతారు గదా!" జీవితమంతా లారీలు తోలినవాడు.

ఆవిడ పేరు పోలమ్మ. తుంటి ఎముక విరిగింది. కావలి ఆసుపత్రికి హెడ్ గారే పరుగున వచ్చారు. మంచి డాక్టరును పిలిపించారు. అది నేను కాదనను. తర్వాత పోలమ్మ కోడలు కావేరిని మెల్లగా అడిగారు: "పెద్దావిడకు చెవులు సరిగ్గా వినపడవా అమ్మా?"

కావేరి తడబడింది. "ఏమో సార్... ఈమధ్య పిలిస్తే ఒక్కోసారి పలకదు."

"వినపడకపోవడం కాదు, ఆ కారు చప్పుడే చేయదు," అన్నాను.

"మీరు కంగారులో ఉన్నారు, వెళ్లి కూర్చోండి," అన్నారాయన. అంతే. రోడ్డు మీదికి వచ్చింది చెవిటి ముసలమ్మ అన్న మాట ఆ ఆసుపత్రి వరండాలోనే స్థిరపడిపోయింది.

ఎముక అతికి మళ్లీ నడక వచ్చాక కూడా పోలమ్మను ఇంట్లోవాళ్లు రోడ్డు మీదికి పంపడం లేదని చెంగయ్య చెప్పాడు. ఎండుచేపల పనిలో వాడకంతటికీ పెద్దదిక్కు ఆవిడ. ఒక మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను.

"నీ చెవులు బాగున్నాయి పోలమ్మక్కా. ఆ బండికి చప్పుడు లేదు. నేను అందులోనే ఉన్నాను."

"చప్పుడు లేని బండి ఎవురన్నా చేస్తారా తల్లీ? ఎద్దులబండికే ఉంటాదే!"

"మేమే చేశాం. కావాలనే చేశాం."

కావేరి పక్కనుంచి అందుకుంది: "మా అత్తను బుజ్జగించేదానికి వొచ్చినావులే అక్కా."

ఇంతలో పోలమ్మ తల ఎత్తింది. "ఏమే, ఐసు బండి వొస్తాంది, డబ్బా ఎత్తుకో." మాకెవరికీ ఇంకా ఏమీ వినపడలేదు. కాసేపటికి ఐసు ఆటో మలుపు తిరిగింది.

"చూశావా! అందరికంటే ముందు నీకే వినపడింది!"

"రోజూ వొచ్చే బండే గదమ్మా. ఆ వేళకు తెలస్తాది." నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు దేవుడి మనిషివి. నేను బాధపడతానని అట్ట చెప్తాండావు. చెవులు పొయినాయిలే, వయసు గదా."

ఆ కారును మళ్లీ తెచ్చి, ఆవిడ వెనక నడిపి చూపిస్తే నమ్ముతుందని హెడ్ గారిని బతిమాలాను. "ఆ ఊరికి మళ్లీ ఆ కారా? మీకు మతి ఉందా?" అన్నారు. తర్వాత స్పీకరు బిగించారు. కందిరీగ కూడా శ్రావ్యంగానే కుదిరింది. చప్పుడున్న కారుతో పోలమ్మకు చూపించడానికి ఏమీ మిగల్లేదు.

కిందటిసారి వెళ్లినప్పుడు ఆవిడ నా పెదవులకేసి చూస్తూ, "గట్టిగా చెప్పు తల్లీ," అంది. మామూలుగా మాట్లాడితే జవాబివ్వడం మానేసింది.

దేవుడిచ్చిన ఉద్యోగం, ఇప్పటికీ దణ్ణం పెట్టుకునే చేస్తున్నాను. నిజాన్ని మెత్తగా చెప్పాలని నాన్న నేర్పారు. మెత్తగా చెప్పిన నిజాన్ని జనం ఓదార్పు అనుకుంటారని పోలమ్మ ఇంట్లో తెలుసుకున్నాను. ఆవిడ వీధి గుమ్మంలో కూర్చుని ఉంటుంది. చేపలు కోడలు తిరగేస్తుంటుంది, బండ్లకు వీపు పెట్టి.